లౌరి కిటికీలో దీపం వెలగని బుధవారం

"మీరే చంపారు."

సార్జెంట్ ఇథెల్ వాన్ ఆ మాటను చాపెల్ వెనకగదిలో కూర్చున్న ఏడుగురు సంఘపెద్దల మొహాన కొట్టాడు. టోపీ తియ్యలేదు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"బుర్ర బద్దలుకొట్టిన చెయ్యి ఎవరిదో నేను తేలుస్తాను. అది నా పని. కాని బుధవారం చచ్చిన మనిషిని గురువారం మధ్యాహ్నం తపాలావాడు చూశాడు. అంతసేపూ పాదిరి పెన్రీ కొండమీది చర్చి రాతినేల మీద నెత్తురు గడ్డకట్టి పడి ఉన్నాడు. చుట్టూ కూతవేటు దూరంలో మీ ఇళ్లు. ఒక్కడైనా తలుపు తోసి చూశాడా? గొర్రెపిల్ల కనపడకపోతే లాంతర్లు పట్టుకుని కొండంతా గాలిస్తారే!"

పెద్దల్లో పెద్ద రొడ్రి గడ్డం నిమురుకున్నాడు. పలకరాళ్ల గనిలో నలభై ఏళ్లు చేసిన మనిషి. దగ్గితే ఇప్పటికీ రాతిపొడి రాలుతుందేమో అనిపిస్తుంది.

"అది మా గుడి కాదు సార్జెంటూ," అన్నాడు. "రాణిగారి చర్చి. జమీందార్ల చర్చి. మా నాన్న ఆ గడప తొక్కలేదు, నేనూ తొక్కను. నువ్వు మాత్రం తొక్కావా?"

ఆ దెబ్బ ఇథెల్‌కి తగలాల్సిన చోటే తగిలింది.

కూమ్ హెస్గిన్ లోయలో అందరూ చాపెల్ జనమే. తమ చెమటతో కట్టుకున్న చాపెల్, తమ భాషలో పాట, తమ భాషలో ప్రసంగం. కొండమీది చర్చి సర్కారుది. అందులో పాదిరిగా వచ్చిన ఎమ్రిస్ పెన్రీ కూడా వెల్ష్‌వాడే, కొండ అవతల చెప్పులు కుట్టేవాడి కొడుకే. అయినా ముప్పై నాలుగేళ్లు ఊరు అతన్ని పలకరించలేదు. అతను రోజూ సాయంత్రం నాలుగింటికి గంట కొట్టేవాడు, ఖాళీ బెంచీలకు ప్రార్థన చదివేవాడు, తర్వాత వెనకగదిలో కూర్చుని కాప్టిక్ భాషకు నిఘంటువు రాసుకునేవాడు. ఐగుప్తు క్రైస్తవులు ఒకప్పుడు ఇళ్లలో మాట్లాడుకుని, ఇప్పుడు ప్రార్థనల్లో మాత్రమే పలికే భాష అది. దాన్ని చదివేవాడు ఈ లోయలో ఇంకొకడు లేడు.

రెండేళ్ల కిందట ఒక వానరోజున పాదిరి తలుపు తీసి, "సార్జెంటుగారూ, టీ ఉంది, లోపలికి రండి," అన్నాడు. డ్యూటీ ఉందన్నాడు ఇథెల్. డ్యూటీ లేదు, పాడూ లేదు. ఎదురింటి కిటికీలో పరదా కదిలింది, ఊరు చూస్తోంది, అంతే. ఆ రాత్రి పోలీసు ఠాణాలో పొయ్యి ముందు ఒక్కడే కూర్చుని ఎండు రొట్టె తిన్నాడు. పెళ్లాం పోయిన దగ్గర్నుంచీ అతని తిండి అలాగే ఉంది. పోలీసువాణ్ణి మాత్రం ఈ ఊళ్లో ఎవడు పిలుస్తాడు?

"తొక్కలేదు," అన్నాడు చివరికి. "నన్నూ మీ లెక్కలోనే వేసుకో. ఇప్పుడు జవాబు చెప్పు. బుధవారం గంట మోగిందా?"

"మోగింది. నాలుగింటికి."

మిగతా ఆరుగురూ తలలూపారు.

"ఎన్ని దెబ్బలు?"

"ఎవడు లెక్కపెడతాడయ్యా?" విసుక్కున్నాడు రొడ్రి. "రోజూ మోగేదేగా. వాన కురిస్తే చినుకులు లెక్కపెడతామా?"

ఇక్కడే పీటముడి పడింది. శవం పడి ఉన్న గది చలికి మంచుగడ్డ. పాదిరి ఎప్పుడు చచ్చాడో డాక్టరు చెప్పలేకపోయాడు. కాలం చెప్పే సాక్షి ఒక్కటే, ఆ గంట. నాలుగింటికి గంట మోగింది కాబట్టి నాలుగింటికి పాదిరి బతికున్నాడు. నాలుగున్నరకి గెథిన్ అనే గనికూలీ చేతిలో కొయ్యసుత్తితో చర్చి ఆవరణలోంచి బయటికి వచ్చాడు, ముగ్గురు చూశారు. అక్కడి ఊరి శ్మశానంలో సోమవారం పూడ్చిన తల్లి సమాధికి పలకరాయి నిలబెట్టి వస్తున్నానంటాడు వాడు. అదే తల్లిని ఎవరి ప్రార్థనతో పూడ్చాలన్న దాని మీద పోయిన వారం పాదిరితో గొడవపడి అరిచాడు, ఊరంతా విన్నది. జిల్లా నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ క్రౌథర్‌కి ఇంకేం కావాలి? ఈ సాయంత్రం నాలుగున్నర రైలుకి గెథిన్‌ని జిల్లా జైలుకి తీసుకుపోతున్నాడు. ఒకసారి అక్కడి న్యాయమూర్తి ముందు ఇంగ్లీషులో కేసు మొదలైతే, ఇంగ్లీషు ముక్క రాని గెథిన్ మెడకి ఉరితాడు తప్ప ఇంకేం మిగలదు.

ఇథెల్ గడియారం చూశాడు. ఒంటిగంటా ముప్పావు.

*

చర్చిలో క్రౌథర్ పొయ్యి దగ్గర వీపు కాచుకుంటున్నాడు. పొట్టి మనిషి, పెద్ద గొంతు.

"మళ్లీ వచ్చావా వాన్? కేసు అయిపోయింది. నా రిపోర్టు కూడా పూర్తయింది."

"ఒక్కసారి చూసి పోతానండీ."

"నీ వాళ్లని కాపాడుకోవాలని చూస్తున్నావు. మీ వెల్ష్‌వాళ్లంతా ఒకటే. మీ భాషలో మీరు గుసగుసలాడుకుంటారు, పైకి మాత్రం 'తెలీదండీ' అంటారు."

"మీరు వాళ్ల భాషలో అడిగి ఉంటే చెప్పేవాళ్లేమో."

క్రౌథర్ మొహం కందగడ్డయింది. ఇథెల్ పట్టించుకోకుండా గంట తాడు దగ్గరికి వెళ్లాడు.

గంటగది ఒక గూడు. లోపలికి వెళ్లి వెనక్కి తిరిగితే తప్ప కనపడని గోడమీద బిషప్పు ఆఫీసు ఇచ్చిన పాత నోటీసు మేకులు కొట్టి ఉంది, ఇంగ్లీషులో: సాయంత్రప్రార్థనకు నాలుగింటికి పన్నెండు దెబ్బలు. తాడు కింద చిన్న ముక్కాలిపీట. తాడు చివర ఒక ఉచ్చు, చెయ్యి దూర్చడానికి. కాని తాడు పీట మీద లేదు. పైన, తుప్పు పట్టిన కొక్కేనికి చక్కగా మూడు చుట్లు చుట్టి వేలాడదీసి ఉంది.

ఇథెల్ చెయ్యి చాపాడు. మునివేళ్ల మీద లేస్తే గాని అందలేదు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, పాదిరి కుడిభుజం మీకు తెలుసా?"

"భుజమా? బుర్ర పగిలి చచ్చాడయ్యా."

"ఐదేళ్ల కిందట మంచులో పడ్డాడు. అప్పట్నుంచీ చెయ్యి గడ్డం దాటి పైకి లేచేది కాదు. అందుకే పీట మీద కూర్చుని ఉచ్చులో చెయ్యి పెట్టి లాగేవాడు. ఈ కొక్కెం ఆయనకి అందదు. గెథిన్‌కి అసలే అందదు, వాడు నా భుజం దాకా కూడా రాడు. దీన్ని ఇక్కడ తగిలించినవాడు పొడుగువాడు. పైగా వస్తువు వాడాక సర్దిపెట్టే అలవాటున్నవాడు."

"ఎప్పుడో ఎవరో తగిలించారు."

"కొక్కెం తుప్పు తాడుకి కొత్తగా అంటుకుంది, చూడండి. ఇంకోటి. ఈ కొవ్వొత్తి." వెనకగదిలో బల్లమీదున్న కొవ్వొత్తిని ఇథెల్ ఎత్తి చూపించాడు. వత్తి తెల్లగా, అంటించకుండా ఉంది. "నవంబరులో నాలుగింటికి ఇక్కడ మీ వేళ్లు మీకు కనపడవు. ప్రార్థన పుస్తకం చదవాల్సినవాడు దీపం వెలిగించకుండా గంట కొట్టాడా?"

"పిసినారి అయి ఉంటాడు."

"చచ్చినవాణ్ణి తిట్టడం తేలికండీ. తిరిగి తిట్టడు." ఇథెల్ గొంతు పెరిగింది. "పొయ్యి చూడండి. పనిముట్లన్నింటి మీదా బూడిద ఉంది, నిప్పు కదిపే ఇనుపకడ్డీ మీద తప్ప. దాన్నెవరు తుడిచారు? గెథిన్ సుత్తిమీద మీకు నెత్తురు దొరికిందా?"

"వాన కడిగేసి ఉంటుంది," అన్నాడు క్రౌథర్. "సార్జెంట్, ఇంకొక్క మాట మాట్లాడితే నీ సార్జెంటు చారలు పీకిస్తాను. రైలు స్టేషన్‌కి పద. పాదిరి నిఘంటువు కాగితాల పెట్టెలు కూడా అదే రైలుకి వెళ్తున్నాయి. డాక్టర్ లాస్కెల్‌కి ఇస్తానని మాటిచ్చాను."

ఆ పెట్టెల్ని గుమ్మం ముందు బండికి ఎత్తుతున్నారు. ముప్పై ఒక్క కొయ్యపెట్టెలు, కాప్టిక్ అక్షరానికొకటి. పక్కన నిలబడి చూస్తున్న లాస్కెల్ ఆరడుగులపైన పొడుగు. ఇంగ్లండులో ఏదో విశ్వవిద్యాలయం పండితుడు. చేతిరుమాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

"బుధవారం మీరిక్కడే ఉన్నారట," అన్నాడు ఇథెల్.

"పన్నెండు గంటల బండికి దిగాను. ఆయన ఇంట్లోనే భోంచేశాం, ఆయన ఇంట్లోనే మాట్లాడుకున్నాం. మూడున్నరకి బయల్దేరాను. వంతెన దగ్గర ఉండగా గంట మోగింది. దాన్నిబట్టే నా గడియారం సరిచేసుకున్నాను. నాలుగున్నర రైలెక్కాను. ఇవన్నీ ఇన్‌స్పెక్టరుగారికి చెప్పాను."

"చర్చి లోపలికి వెళ్లారా?"

"గడప కూడా తొక్కలేదు. ఆ తేమ నా ఊపిరితిత్తులకి పడదు."

ఇథెల్ ఒక పెట్టె మూత తీసి చీటీ ఒకటి పైకి లాగాడు. ఎడమపక్క కాప్టిక్ అక్షరాలు. కుడిపక్క అర్థం. ఆ అర్థాన్ని సార్జెంటు రెండుసార్లు చదివాడు. వెల్ష్‌లో ఉంది. 'పొయ్యి ఆరకుండా రాత్రికి బూడిద కప్పడం.' ఇథెల్ అమ్మ రోజూ పడుకునేముందు చేసే పని. ఆ పనికి ఐగుప్తులో కూడా ఒక మాట ఉండేదన్నమాట. ఆ మాటకి జోడీ తన అమ్మ మాటల్లో వెతికి పెట్టాడు పెన్రీ.

బళ్లో వెల్ష్ మాట్లాడినందుకు చిన్నప్పుడు పెన్రీ మెడలో చెక్కముక్క వేలాడదీశారని ఊళ్లో చెప్పుకునేవారు. ఇథెల్ మెడలోనూ వేశారు. బడి వదిలే వేళకి అది ఎవరి మెడలో ఉంటే వాడికి దెబ్బలు.

"అన్నీ ఇలాగే ఉన్నాయా?" అడిగాడు.

లాస్కెల్ చేతిరుమాలు జేబులో పెట్టుకున్నాడు. కళ్లు పొడిగానే ఉన్నాయి. "అన్నీ! ముప్పై నాలుగేళ్ల పాండిత్యం! ప్రపంచంలో దీనికి సాటి లేదు. దాన్ని గొర్రెలు కాసేవాళ్ల భాషలో రాసి పాడుచేశాడు. ఇంగ్లీషులోకి మారుద్దాం, ఇద్దరి పేర్లూ వేద్దాం అని ఎంత బతిమాలాను! వింటేనా?"

"వినలేదా?"

"మొండివాడు," అన్నాడు పండితుడు. ఆ వెంటనే, "పాపం," అని చేర్చాడు.

*

చర్చి గోడని ఆనుకుని రొడ్రి ఇల్లు. మేడమీద గదిలో అతని అక్క లౌరి, అరవై దాటిన మనిషి, పదకొండేళ్లుగా మంచంలో ఉంది. గడ్డిమేటు మీంచి పడి నడుం పోయింది. కిటికీ పక్కనే మంచం, కిటికీలో ఒక చిన్న దీపం.

"ఎవరూ? ఇథెలా? పోలీసు బూట్లకి నా మేడమెట్లు అలవాటు లేవు నాయనా. నన్ను పట్టుకుపోతావా ఏం? మోసుకుపోవాలి మరి."

"ఒక్క మాట అడగాలి లౌరమ్మా. బుధవారం గంట విన్నావా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. వాకిలి వైపు చూసింది.

"రొడ్రి కింద ఉన్నాడా?"

"చాపెల్‌లో ఉన్నాడు."

"పన్నెండు," అంది నెమ్మదిగా. "పన్నెండే కొట్టాడు. నేను అగ్గిపుల్ల పట్టుకుని కూర్చున్నాను."

"అగ్గిపుల్ల ఎందుకు?"

"దీపానికి." దుప్పటి అంచుని వేళ్లకి చుట్టుకుంది. "ఎవరికీ చెప్పలేదు. చెబితే చాపెల్‌లోంచి వెలేస్తారు. నేను పడిన ఏడాది చలికాలం, మూడురోజులు మంచు కురిసింది. ఇంట్లోవాళ్లు గనిలో ఇరుక్కుపోయారు. ఒక్కదాన్నే. పొయ్యి ఆరిపోయింది. చచ్చిపోతాననుకున్నాను. అప్పుడు గంట మోగింది. పన్నెండు దెబ్బలూ లెక్కపెట్టాను, ఏదో ఒకటి లెక్కపెడుతుంటే నిద్ర పట్టదని. పిచ్చిదాన్లా దీపం వెలిగించి కిటికీలో పెట్టాను. ఆయన గుమ్మంలోకి వచ్చి చూశాడు. లోపలికి వెళ్లాడు. ఇంకొక్క దెబ్బ కొట్టాడు. ఒక్కటి."

ఇథెల్ మంచం అంచున కూర్చున్నాడు.

"ఆ రోజు నుంచి అదే వరస. పన్నెండు అందరికీ. తర్వాత ప్రార్థన చదువుకుంటాడు కాబోలు, కాసేపు గడుస్తుంది. అప్పుడు ఒకటి, నాకు. అది విని నేను దీపం పెడతాను. దీపం చూసి ఆయన తలుపేసుకుంటాడు. పదకొండేళ్లు నాయనా. ఒక్కరోజు తప్పలేదు. జ్వరంతో ఉన్నప్పుడు కూడా దెబ్బ మెత్తగా పడేది గాని, పడేది."

"ఎప్పుడైనా మాట్లాడుకున్నారా?"

"మాటెందుకు? ఆయన గొంతు ఎలా ఉంటుందో కూడా నాకు తెలీదు." కళ్లు తుడుచుకుంది. "బుధవారం చీకటి పడేదాకా చూశాను. రాలేదు. రొడ్రీ, పాదిరికి ఏదో అయింది, చూసిరారా అన్నాను. 'వాళ్ల గుడి సంగతి మనకెందుకే అక్కా, పడుకో' అన్నాడు."

మెట్ల మీద దగ్గు వినిపించింది. రొడ్రి వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఎంతసేపట్నుంచి ఉన్నాడో, మొహం పలకరాయిలా ఉంది.

"పదకొండేళ్లు," అన్నాడు. "నా ఇంట్లో. నా కిటికీలోంచి."

"వెలెయ్యరా," అంది లౌరి. "రేపు ఆదివారం లేచి నిలబడి నా పేరు చదువు. కాని గెథిన్‌ని ఉరితియ్యనివ్వకు. వాడి తల్లి నాకు పదేళ్లు జావ తెచ్చి పోసింది."

ఇథెల్ లేచాడు. "పన్నెండు కొట్టినవాడు పాదిరి కాదు రొడ్రీ. నోటీసు చదివి కొట్టాడు. పదమూడోది ఏ నోటీసులోనూ లేదు. అంటే నాలుగింటికి ముందే పాదిరిని చంపాడు, గంట కొట్టి బతికున్నాడని మనందర్నీ నమ్మించాడు. మనం నమ్మాం. ఎందుకంటే ఆ గంట మనం ఎన్నడూ వినలేదు. మోగింది అనుకున్నాం, అంతే. ఈ ఊళ్లో దాన్ని విన్న మనిషి ఒక్కతే." టోపీ సర్దుకున్నాడు. "మంచాన పడ్డ ఆడమనిషి లెక్క క్రౌథర్‌కి చాలదు. నాకు ఇంకోటి కావాలి. నాలుగింటికి ఆ గంట మోగాలి. నేను స్టేషన్లో ఉండాలి, కొట్టలేను. ఎవరు కొడతారో నువ్వే చూసుకో. బతిమాలను."

రొడ్రి కదల్లేదు.

*

స్టేషన్లో పెట్టెలు రైలు సామాన్ల బోగీలోకి ఎక్కుతున్నాయి. గెథిన్ బెంచీ మీద సంకెళ్లతో కూర్చున్నాడు.

"సార్జెంటుగారూ, వీళ్లు ఏమంటున్నారో నాకు చెప్పండి," అన్నాడు. "నిన్నట్నుంచీ ఒక్క ముక్క అర్థం కాలేదు. నేనేదో ఒప్పుకున్నానట, నిజమేనా? ఏదో అడిగితే మర్యాదకి తలూపాను."

"ఇక ఊపకు," అన్నాడు ఇథెల్.

చర్చి నుంచి స్టేషన్‌కి దారి చుట్టూ తిరిగి పాతిక నిమిషాలు పడుతుంది గాని, కంటికి చర్చి ఎదురుగానే కొండమీద ఉంటుంది. చీకటి దిగుతోంది. నాలుగుకి రెండు నిమిషాలు. ఒకటి. నాలుగు. ఏమీ లేదు. ఇంజను ఆవిరి తప్ప ఏ చప్పుడూ లేదు. ఇథెల్ మళ్లీ గడియారం చూశాడు. రొడ్రిది తండ్రి నాటి పంతం. ఆ గడప తొక్కుతాడా?

ఠంగ్.

లాస్కెల్ తల గిర్రున తిరిగింది. గెథిన్ లేచి నిలబడ్డాడు. బరువుగా, తడబడుతూ, ఎప్పుడూ తాడు పట్టనివాడి చేత్తో గంట మోగుతోంది. ఇథెల్ పైకే లెక్కపెట్టాడు, ఇంగ్లీషులో, క్రౌథర్‌కి వినపడేలా. పది. పదకొండు. పన్నెండు.

"ఏంటిది?" అన్నాడు క్రౌథర్. "పాదిరి శవం పెట్టెలో ఉందిగా!"

"ఆగండి. ఇంకా అవలేదు."

"అయిపోయింది," అన్నాడు లాస్కెల్.

"లేదు డాక్టర్. పాదిరి ఇంకోటి కొట్టేవాడు."

"కొట్టడు!" పండితుడి గొంతు కీచుమంది. "పన్నెండే! పన్నెండు కొట్టాలని అక్కడ స్పష్టంగా రాసి..."

నోరు మూసుకున్నాడు. ఆలస్యమైంది.

"ఎక్కడ రాసి ఉంది?" అన్నాడు ఇథెల్. "ఇన్‌స్పెక్టర్ గారూ, మధ్యాహ్నం మీరు చర్చిలో గంటసేపు ఉన్నారు. ఆ నోటీసు చూశారా?"

క్రౌథర్ గొంతు తగ్గింది. "ఏ నోటీసు?"

"చూశారా, మీకే తెలీదు. తాడు దగ్గర నిలబడి వెనక్కి తిరిగితే గాని కనపడదు. ఈయనేమో గడప కూడా తొక్కలేదట."

లాస్కెల్ చెయ్యి కోటు లోపలికి పోయింది. గెథిన్ సంకెళ్ల చేతులతోనే ఆ మణికట్టు పట్టుకుని కిందికి వంచాడు. పిడికిట్లోంచి మడత కాగితం ఒకటి పట్టాల మీద పడింది. చింపెయ్యడానికి ఈ మనిషికి చెయ్యి రాలేదు, పండితుడు కదా. ఇథెల్ దిగి తీశాడు. నిఘంటువు మొదటి పుట. పైన పెన్రీ పేరు. కింద వెల్ష్‌లో ఒకే వాక్యం: 'కిటికీలో దీపం పెట్టే మనిషికి, ఆమె పేరు నాకు తెలియదు.'

అప్పుడు కొండమీంచి ఆ ఒక్క దెబ్బ వినిపించింది. గోడపక్క ఇంట్లో చిన్న వెలుగు పుట్టింది.

ఇథెల్ ఆ పుటను మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత క్రౌథర్ ముందుకి వచ్చి నిలబడ్డాడు.

"వాడి సంకెళ్లు విప్పండి. వీడికి వెయ్యండి. ఆ పెట్టెలు దించండి, ముప్పై ఒకటీ, ఒక్కటి కూడా ఈ లోయ దాటడానికి వీల్లేదు." ప్లాట్‌ఫారం చివర పోగైన గనికూలీల వైపు తిరిగి, తన భాషలో గొంతెత్తాడు. "రేపు పదింటికి ఆయన్ని పూడుస్తున్నాం. చర్చిలో. బెంచీలు ఖాళీగా ఉండకూడదు. లౌరి మంచాన్ని మొయ్యడానికి నలుగురు కావాలి. ఎవరొస్తారు? ఇప్పుడే, ఇక్కడే, పేర్లు చెప్పండి!"